లేని ప్రాణికి తప్పులెన్నడం: ఊహాచిత్రాల విమర్శ చరిత్ర

కంప్యూటర్ తెర మీద ఒక విద్యార్థిని వేసిన బొమ్మను ఊహించుకోండి. రెక్కలున్న యోధురాలు. చేతిలో ఈటె, ఒంటి మీద పొలుసుల కవచం, వెనక ఎర్రటి సాయంకాలపు ఆకాశం. దీనికి కాగితం, కుంచె, రంగు ఏవీ వాడలేదు. స్టైలస్ అనే ఎలక్ట్రానిక్ కలంతో పలక లాంటి టాబ్లెట్ మీద గీసింది. చూసిన పదిమందిలో ఎనిమిదిమంది "బాగుంది" అంటారు. ఒకరు "ఏదో తేడాగా ఉంది" అంటారు. మిగిలిన ఒకరు "ఇలాంటివి గీస్తే ఏమొస్తుంది?" అంటారు. ఈ మూడు మాటల్లో ఏ ఒక్కటీ ఆ అమ్మాయి రేపు పొద్దున కలం పట్టినప్పుడు చేయవలసిన పని ఏమిటో చెప్పదు.

మన వాడుకలో విమర్శ అంటే తిట్టు అనే అర్థం స్థిరపడిపోయింది. సంస్కృత ధాతువును బట్టి చూస్తే ఆ మాటకు మూలార్థం తాకి చూడడం, తరచి చూడడం. బొమ్మల విషయంలో ఈ పాత అర్థమే మనకు పనికొస్తుంది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. గుర్రం బొమ్మలో కాలు వంకరగా ఉంటే గుర్రాన్ని చూపించి "ఇదిగో, ఇలా ఉంటుంది" అనవచ్చు. రెక్కల మనిషిని ఎవరూ చూడలేదు. లోకంలో లేని ప్రాణిని "తప్పుగా గీశావు" అని ఏ ఆధారంతో అనగలం? ఈ ప్రశ్న కంప్యూటర్లతో పుట్టింది కాదు. దేవతలను, రాక్షసులను, డ్రాగన్లను గీసిన ప్రతి కాలంలోనూ ఉన్నదే. దానికి తోడు మరో ప్రశ్న కూడా ఉంది: ఆ మాట ఎప్పుడు చెప్పాలి? బొమ్మ సగంలో ఉన్నప్పుడా, పూర్తయ్యాకా? ఈ రెండో ప్రశ్నకు జవాబును చాలాకాలం పాటు మనుషులు కాదు, రంగులూ గుడ్డా గోడా నిర్ణయించాయి. విమర్శ చరిత్రలో సగభాగం నిజానికి రసాయన శాస్త్రమే.

చెప్పులు కుట్టేవాడి మాట

క్రీ.పూ. 4వ శతాబ్దంలో అలెగ్జాండర్ ఆస్థానంలో ఉన్న గ్రీకు చిత్రకారుడు అపెల్లీస్ గురించి రోమన్ రచయిత ప్లీనీ ఒక కథ చెప్పాడు. అపెల్లీస్ పూర్తయిన బొమ్మను వీధిలో పోయేవారికి కనబడేలా పెట్టి, దాని వెనక దాక్కుని వాళ్ల మాటలు వినేవాడట. ఒక రోజు చెప్పులు కుట్టే ఒకాయన, బొమ్మలోని చెప్పుకు లోపలివైపు ఒక ముడి తక్కువైందన్నాడు. అపెల్లీస్ దిద్దాడు. మర్నాడు తన మాట చెల్లిందన్న ఉత్సాహంతో ఆయన కాలి మీద వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. అపెల్లీస్ బయటకు వచ్చి, చెప్పు దాటి పైకి రావద్దన్నాడు.

ఈ కథను సాధారణంగా "తెలియని విషయంలో మాట్లాడకు" అనడానికి వాడతారు. నాకు మాత్రం మొదటి రోజు జరిగిందే ముఖ్యం అనిపిస్తుంది. అంత పేరున్న చిత్రకారుడు ఒక ముడి గురించి విని, వాదించకుండా, ఆ రాత్రే దిద్దాడు. ఆ విమర్శలో ఏముందో చూడండి. అందంగా లేదనలేదు. ఎక్కడ, ఏది, ఎంత తక్కువ అని చెప్పాడు. అది ఎవరైనా సరిచూసుకోగల మాట.

రెండో రోజు సంగతికి లియొనార్డో డావించి (1452–1519) నోటు పుస్తకాల్లో వేరే జవాబు దొరుకుతుంది. చిత్రకారుడు బొమ్మ వేస్తుండగా అందరి మాటా వినాలంటాడు ఆయన. చిత్రకళ రానివాడికి కూడా మనిషి రూపం తెలుసు. ఎవరికి గూని ఉందో, ఎవరి భుజం ఎత్తుగా ఉందో తెలుసు. ప్రకృతి చేసిన వాటిని అంచనా కట్టగలవాడు మన తప్పులను ఎందుకు పట్టలేడని ఆయన వాదన. విన్న తర్వాత ఏం చేయాలో కూడా చెప్పాడు. తప్పు పట్టినవాడి మాటలో కారణం ఉందేమో ఆలోచించు. ఉంటే దిద్దుకో. లేకపోతే విననట్టు ఊరుకో. అతను నువ్వు గౌరవించే మనిషైతే ఎక్కడ పొరపడ్డాడో కారణాలతో చెప్పు. విమర్శను అందుకోవడంపై ఇంతకంటె సూటి సలహా నేను చదవలేదు.

లియొనార్డో చెప్పిన మరో ఉపాయం ఈనాటి విద్యార్థులకు చాలా దగ్గరిది. బొమ్మను చదునైన అద్దంలో చూడమన్నాడు. కుడి ఎడమలు తారుమారై, అది వేరొకరు వేసిన బొమ్మలా కనబడుతుంది. పరాయి వాళ్ల తప్పులు మనకు త్వరగా దొరుకుతాయి కదా! గంటల తరబడి ఒకే బొమ్మను చూస్తే కన్ను దానికి అలవాటుపడి, వంకర కూడా సరిగానే ఉన్నట్టు తోస్తుంది. తిప్పి చూడగానే ఆ అలవాటు తెగుతుంది. డిజిటల్ చిత్రకారులు ఒక మీట నొక్కి బొమ్మను అడ్డంగా తిప్పేది అందుకే. మన యోధురాలిని అలా తిప్పి చూస్తే ఒక కన్ను రెండోదానికంటె పైన ఉన్నట్టు చటుక్కున తెలుస్తుంది. ఆ తప్పు చెప్పడానికి వేరే మనిషి అక్కరలేదు.

లేనిది ఉన్నవాటితోనే తయారవుతుంది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఊహాప్రాణి సహజంగా కనబడాలంటే దాని ప్రతి అవయవమూ ఏదో ఒక నిజమైన జంతువుదై ఉండాలని లియొనార్డో రాశాడు. డ్రాగన్ కావాలా? కాపలా కుక్క తల, పిల్లి కళ్లు, ముళ్లపంది చెవులు, వేటకుక్క ముక్కు, సింహం కనుబొమలు, ముసలి కోడిపుంజు కణతలు, తాబేలు మెడ తీసుకోమన్నాడు. ఆయన యువకుడిగా ఉన్నప్పుడు అంజూరపు చెక్కతో చేసిన ఒక డాలు మీద ఘోరమైన ప్రాణిని చిత్రించాడని 1550లో అచ్చయిన పుస్తకంలో వసారి చెప్పాడు. అందుకోసం బల్లులు, కీచురాళ్లు, పాములు, సీతాకోకచిలుకలు, మిడతలు, గబ్బిలాలు గదిలో పోగుచేసుకున్నాడట. అవి చచ్చి కంపు కొడుతున్నా పనిలో పడి పట్టించుకోలేదట. తర్వాత ఆ బొమ్మను చూసిన తండ్రి ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడట. ఆ డాలు ఇప్పుడు లేదు. వసారి కథలకు కొంత అలంకారం అలవాటే కాబట్టి కథగానే తీసుకుందాం. కాని అందులోని పద్ధతి నోటు పుస్తకాల్లోని సలహాతో సరిపోతోంది.

అంటే, లేని ప్రాణిని కూడా విమర్శించవచ్చు. దాని భాగాలు ఉన్నవే కనుక. రెక్కల యోధురాలినే తీసుకోండి. పక్షి రెక్క ప్రత్యేకమైన అవయవం కాదు, అది దాని ముంజేయి. మనిషికి చేతులతో పాటు రెక్కలు కూడా పెడితే అది ఆరు అవయవాల ప్రాణి అవుతుంది. ఎగిరే పక్షుల్లో ఛాతీ కండరాలే శరీరం బరువులో ఆరో వంతు దాకా, కొన్నింటిలో ఇంకా ఎక్కువ ఉంటాయి. అవి పట్టుకోవడానికి ఛాతీ ఎముక నావ అడుగులా ముందుకు పొడుచుకుని వస్తుంది. మన యోధురాలి రెక్కలు కవచం మీద అతికించినట్టు ఉంటే, చూసేవాడికి శరీరశాస్త్రం తెలియకపోయినా "ఏదో తేడా" అనిపిస్తుంది. ఆ తేడాకు పేరు పెట్టడమే విమర్శకుడి పని. "రెక్క మొదలు భుజం వెనక ఎక్కడ పుడుతోందో కనబడడం లేదు" అంటే ఆమెకు చేతికి పని దొరుకుతుంది.

రాక్షసుల విషయంలో గెలీలియో మనకు సాయపడతాడు. 1638లో అచ్చయిన తన చివరి పుస్తకంలో ఆయన రెండు ఎముకల బొమ్మ వేశాడు. ఒకటి మామూలుది. రెండోది దానికి మూడు రెట్లు పొడవుది, కాని పొడవుతో పోలిస్తే చాలా ఎక్కువ లావుది. ఎత్తు రెండింతలైతే బరువు ఎనిమిదింతలు అవుతుంది. ఎముక అడ్డుకోత వైశాల్యం మాత్రం నాలుగింతలే. కాబట్టి మనిషినే పెద్దది చేసి రాక్షసుడిగా నిలబెడితే వాడి కాళ్లు వాడినే మోయలేవు. ఏనుగు కాళ్లు స్తంభాల్లా ఉండడానికి కారణం ఇదే. సన్నటి పిక్కలతో గీసిన రాక్షసుడు బొమ్మలో పొడుగాటి మనిషిలాగే కనబడతాడు, ఎంత ఎత్తు చెప్పినా.

ఇంత చెప్పాక ఒక హద్దు కూడా చెప్పాలి. కళకు భౌతికశాస్త్రం పోలీసు కాదు. పది తలల రావణుడి మెడ ఎముకలు ఎలా అమిరాయని అడగడం తెలివైన విమర్శ కాదు. ఆ బొమ్మలో పది తలలు కథ కోసం ఉన్నాయి. సంప్రదాయం తెలిసినవాడు ఆ ప్రశ్న వేయడు. మన విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ఈ విషయంలో ఎంతో గట్టిది. అది పురుషులను హంస, భద్ర, మాలవ్య, రుచక, శశక అని ఐదు కొలతలుగా విభజించింది. అంటే దేవతకూ, రాజుకూ, సామాన్యుడికీ ఒకే కొలబద్ద కాదు. ఒకే బొమ్మలో ఎవరు ఏది చూస్తారో కూడా చెప్పింది: ఆచార్యులు రేఖను మెచ్చుతారు, నిపుణులు వెలుగునీడల పనిని, స్త్రీలు అలంకారాన్ని, మిగిలిన జనం రంగుల నిండుదనాన్ని. స్త్రీల గురించి అన్నమాట ఈనాడు మనకు నచ్చనవసరం లేదు. కాని విమర్శ వినేటప్పుడు మాట్లాడుతున్నది ఎవరు, వాళ్ల కన్ను ఎక్కడ ఉంది అని అడగాలన్న గ్రహింపు అందులో ఉంది.

చెరపలేని గీత

శ్రీకాళహస్తి కలంకారీ పనిని దగ్గరగా చూసినవారికి "ఎప్పుడు చెప్పాలి" అన్న ప్రశ్న వెంటనే అర్థమవుతుంది. నూలు గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. దాని మీద చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో రాముణ్ణో రావణుణ్ణో పలచగా గీస్తారు. ఇది దులిపితే పోతుంది. తర్వాత వెదురు కలం తీసుకుని, తుప్పు ఇనుమును బెల్లపు నీళ్లలో నానబెట్టి పులియబెట్టిన ద్రావకంతో అదే గీత మీద నడుస్తారు. ఆ ద్రావకంలోని ఇనుప లవణం గుడ్డలోని కరక్కాయ టానిన్‌ను తాకి నల్లబడుతుంది. పూర్వం ఐరోపాలో రాతసిరా తయారైంది ఈ రసాయన చర్యతోనే. ఒకసారి నల్లబడ్డ గీత ఉతికినా పోదు. కాబట్టి గురువు శిష్యుడికి ఏదైనా చెప్పదలిస్తే బొగ్గుకూ కలానికీ మధ్యనే చెప్పాలి. ఆ తర్వాత చెప్పినది వచ్చే గుడ్డకే పనికొస్తుంది.

ఇటలీలోని గోడ చిత్రాలదీ ఇదే సంగతి. తడి సున్నపు గార గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి రాయిలా మారుతూ రంగును పట్టేస్తుంది. అందుకే ఒక రోజులో వేయగలిగినంత గారే పూసేవారు. చర్చ అంతా ముందుగా కాగితం మీద వేసిన నిలువెత్తు నమూనా దగ్గరే జరిగిపోవాలి. నూనె రంగులు వచ్చాక పరిస్థితి మారింది. అవి నెమ్మదిగా ఆరతాయి, ఆరాక పైన మళ్లీ వేయవచ్చు.

మొగలు చిత్రశాల మరో దారి చూపింది. అక్బర్ కాలంలో హంజానామా అనే అద్భుతకథల గ్రంథానికి సుమారు 1400 పెద్ద చిత్రాలు, దాదాపు 15 ఏళ్లలో తయారయ్యాయి. నిండా రాక్షసులు, డ్రాగన్లు, మాయలు. లెక్క వేస్తే వారానికి దాదాపు రెండు బొమ్మలు. ఒక్కరి చేతిమీద అయ్యే పని కాదు. దారోగాలూ గుమాస్తాలూ ప్రతి వారం చిత్రకారుల పనిని చక్రవర్తి ముందు పెట్టేవారనీ, పనితనాన్ని బట్టి బహుమానాలు, జీతాల పెంపు ఉండేవనీ ఐనీ అక్బరీలో అబుల్ ఫజల్ రాశాడు. 1582లో మొదలైన మహాభారత పారశీక అనువాదం రజ్మ్‌నామా. దాని చిత్రాల అంచుల్లో గుమాస్తాల రాతలు కనబడతాయి. గీత ఒకరిది, రంగు మరొకరిది, కొన్నిచోట్ల ముఖం మూడో వారిది. దశ్వంత్ పేరు ఎక్కువగా గీత దగ్గర ఉంటుంది. ఆయన పల్లకీ మోసే బోయీ కొడుకు. గోడల మీద బొమ్మలు గీస్తుంటే అక్బర్ కంటపడి, ఖ్వాజా అబ్దుస్సమద్ దగ్గర శిష్యుడయ్యాడు. పనిని ఇలా విడదీయడం వల్ల తప్పును కూడా విడదీయడం వీలైంది. బాగాలేనిది గీతా, రంగా, ముఖమా? నాకు ఇది ఈనాటి కంప్యూటర్ పొరలకు తాతలా కనబడుతుంది. జహంగీరైతే తన ఆత్మకథలో ఒకే ముఖంలో కన్ను ఒకరు, కనుబొమ ఒకరు వేసినా ఎవరు ఏది వేశారో చెప్పగలనన్నాడు. రాజు గొప్పల్లో కొంత తగ్గించుకుని విన్నా, చూపును అంత సూక్ష్మంగా అలవరచుకోవాలన్న ఆశ అందులో ఉంది.

ఆలస్యంగా వచ్చిన మాటకు ఉదాహరణ రాజా రవివర్మ (1848–1906). ఆయన దేవతలు 1894లో నెలకొల్పిన ముద్రణాలయం నుంచి దేశమంతటా గోడల మీదికి వచ్చారు. తెలుగు ఇళ్ల పూజగదుల్లోకి కూడా. ఆనంద కుమారస్వామికి వాటిలో నాటకపు పోకడ, భారతీయ భావన లేమి కనబడ్డాయి. తామరాకు మీద ఉత్తరం రాస్తూ నేల మీద పడుకున్న శకుంతల గౌరవంగా లేదని సిస్టర్ నివేదిత 1907లో ఆక్షేపించింది. అప్పటికి రవివర్మ చనిపోయాడు. ఆ విమర్శ ఆయనకు అందలేదు. అది బెంగాల్‌లోని యువ చిత్రకారులకు అందింది. వాళ్ల దారిని మార్చింది కూడా. శకుంతల మాత్రం అలాగే పడుకుని ఉంది, జనం అలాగే ఇష్టపడ్డారు. ఆ వ్యాసాలను చదివేటప్పుడు ఒకటి గమనించాలి: బొమ్మలో చేయి ఎక్కడుంది అనే మాట తక్కువ, దేశానికి ఎలాంటి బొమ్మ కావాలి అనే మాట ఎక్కువ. రెండూ విమర్శలే. కాని కలం పట్టుకుని కూర్చున్న విద్యార్థికి మొదటిది కావాలి.

వెనక్కి తిరిగే కాలం

1963లో ఇవాన్ సదర్లాండ్ ఎంఐటీలో కంప్యూటర్ తెర మీద కాంతి కలంతో గీతలు గీయించాడు. 1973లో జెరాక్స్ పరిశోధన కేంద్రంలో రిచర్డ్ షౌప్ రూపొందించిన సూపర్‌పెయింట్ 256 రంగులతో బొమ్మ వేయనిచ్చింది. ఫోటోషాప్ 1990లో వచ్చింది. 1994లో దానికి పొరలు చేరాయి, 1998లో చేసిన పనులను ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పే సదుపాయం చేరింది. నా దృష్టిలో చివరి రెండే పెద్ద మార్పులు. కలంకారీ గీతకు లేనిది, గారకు లేనిది ఇక్కడ దొరికింది. ఏ గీతా శాశ్వతం కాదు. రెక్కలు ఒక పొరలో, కవచం ఒక పొరలో, ఆకాశం ఒక పొరలో ఉంటే, ఆకాశాన్ని ముట్టకుండా రెక్కను మార్చవచ్చు. గురువు శిష్యురాలి బొమ్మ మీద కొత్త పొర తెరిచి, తన దిద్దుబాటు గీసి చూపవచ్చు. ఆమెకు నచ్చకపోతే ఆ పొరను మూసేయవచ్చు, కింద ఆమె బొమ్మ చెక్కుచెదరదు. ఉర్దూ కవిత్వంలో ఉస్తాద్ శిష్యుడి గజల్‌ను దిద్దే ఇస్లాహ్ సంప్రదాయానికి ఇది దగ్గర. తేడా ఏమిటంటే ఇక్కడ దిద్దుబాటుకు ముందూ తర్వాతా రెండూ పక్కపక్కన కనబడతాయి.

ఇలా ఏ నిమిషంలోనైనా విమర్శకు వీలు దొరికింది. ఇందులోనే ప్రమాదం కూడా ఉంది. ఏ దశలో ఏది అడగాలో తెలియని విమర్శకుడు, నిలబడే తీరే కుదరని చిత్తుబొమ్మ మీద గోళ్ల రంగు గురించి మాట్లాడతాడు. ముగింపులో ఉన్న బొమ్మకు "నిలబడే తీరు మార్చు" అంటాడు. మా ఉపాధ్యాయులకు ప్రయోగశాల రికార్డుల్లో ఎర్రసిరాతో "మళ్లీ చేయి" అని రాసే అలవాటు ఉంది. ఏది మళ్లీ చేయాలో రాయం. బొమ్మల దగ్గర ఆ అలవాటు పనికిరాదు.

మన యోధురాలి దగ్గర కూర్చుంటే నేను ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. ఈమె ఏం చేయబోతోంది? బొమ్మ ఎంతవరకు వచ్చింది? "యుద్ధం అయిపోయి అలసిపోయింది, వెలుగునీడలు వేస్తున్నాను" అని జవాబు వచ్చిందనుకోండి. అప్పుడు రంగులు తీసేసి బొమ్మను నలుపు తెలుపుల్లో చూద్దామంటాను. ఆకారాన్ని కన్ను ముఖ్యంగా వెలుగు చీకట్ల తేడాతోనే పట్టుకుంటుంది. రంగు పోగానే ఈటె ఆకాశంలో కలిసిపోయిందని తెలుస్తుంది. ఎరుపు, గోధుమ రంగులు వేరైనా వాటి వెలుగు ఒక్కటే. తర్వాత సూర్యుడు ఆమె వెనక ఉన్నాడు, ముఖం మాత్రం ముందు నుంచి దీపం పెట్టినట్టు వెలుగుతోంది అని చెబుతాను. ఆ దీపం ఎక్కడిదో ఆమె చెప్పగలిగితే సరే, చెప్పలేకపోతే అది దిద్దవలసిన చోటు. ఇక రెక్కలు వాలి ఉన్నాయి, భుజాలు మాత్రం ఎత్తుగా ఉన్నాయి. అలసట ఆమె రెక్కల దాకా వచ్చి భుజాలకు రాలేదు. ఇంతే. కవచం నాకు నచ్చకపోవచ్చు, అది నా సంగతి.

ఆమె వైపు నుంచి కూడా ఒక పని ఉంది. పదిమంది మాటలూ ఒకేసారి బొమ్మలోకి ఎక్కిస్తే అది పదిమంది బొమ్మ అవుతుంది. ముగ్గురు వేర్వేరు మాటలతో ఈటె గురించే చెబితే, వాళ్లు సూచించిన మందులు వేరైనా జబ్బు అక్కడే ఉందని అర్థం. మందు ఆమె వెతుక్కోవచ్చు. అపెల్లీస్ గురించి ప్లీనీ చెప్పిన మరో సంగతి ఉంది. సమకాలికుడు ప్రోటోజెనీస్ అన్నింటా తనకు సాటి లేదా మిన్న అనీ, ఒక్క విషయంలో మాత్రం తానే మెరుగనీ ఆయన అన్నాడట. బొమ్మ మీది నుంచి చేయి ఎప్పుడు తీయాలో తనకు తెలుసునట. వెనక్కి తిరిగే మీట ఉన్న కాలంలో ఇది మరీ కష్టం.

చివరగా ఒక ఆచరణ విషయం. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న లియొనార్డో చిత్రం "వర్జిన్ ఆఫ్ ది రాక్స్"ను పరారుణ కిరణాలతో పరీక్షించినప్పుడు, ఇప్పుడున్న బొమ్మ అడుగున పూర్తిగా వేరే భంగిమలో మోకరిల్లిన స్త్రీ గీత బయటపడినట్టు 2005లో ప్రకటించారు. ఐదు వందల ఏళ్ల నాడు ఆయన మనసు మార్చుకున్న చోటు మనకు దొరికింది. డిజిటల్ బొమ్మలో పొరలన్నీ కలిపి ఒక్క చిత్రంగా దాచేస్తే, ఏ కిరణాలు వేసినా అడుగున ఏమీ ఉండదు. అందువల్ల ఎవరైనా ఒక మాట చెప్పి మీరు దిద్దడం మొదలుపెట్టే ముందు, అప్పటిదాకా ఉన్న ఫైలును తేదీతో, పొరలతో సహా వేరే పేరున దాచుకోండి. పక్కనే ఒక కాగితం మీద ఎవరు ఏం చెప్పారో, మీరు ఏది విన్నారో, ఏది వినలేదో రాసుకోండి. అక్బర్ గుమాస్తాలు అంచుల్లో రాసింది ఇంచుమించు ఇలాంటి రాతే.